మూడోసారి విసిరిన చెక్క కప్ప

డిపో క్వార్టర్స్, వెనక వరండా
ఫిబ్రవరి 9

అన్నయ్యగారికి,

నమస్కారం. మీకు ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. మొదట్లో పనిలో ఉన్నారేమో అనుకున్నాను. పదకొండోసారికి విషయం అర్థమైంది. అందుకే ఈ ఉత్తరం. ఇక్కడ మీరు ఎవరి దగ్గర పనిచేశారో ఆ పళ్ళ డాక్టరుగారిని అడిగితే, కాసేపు నసిగి, మీ కొత్త ల్యాబు అడ్రసు ఇచ్చారు. ఆయన మీద కోప్పడకండి.

మీ స్నేహితుడు పోయి ఎనిమిది నెలలైంది. బట్టలు ఇచ్చేశాను. బూట్లు మా మరిది తీసుకున్నాడు, డిపో గ్యారేజీలో తొడుక్కుని తిరుగుతున్నాడు. మిగిలింది చేపల పెట్టె. అదే, మూడు అరల ఇనప పెట్టె. అందులో ముప్పై ఏడు చెక్క చేపలున్నాయి. ఒక గడి ఖాళీ. ఇవి కాక, నడుము దాకా చెక్కి వదిలేసిన చేప ఒకటి ఇంకా బల్లకున్న పట్టకారులోనే బిగించి ఉంది. దాని కింద రాలిన చెక్కపొట్టు కూడా అలాగే ఉంది. నేను ఊడవలేదు.

పదహారేళ్ళు ఈ వరండాలో ఆయన సెలవు రోజులన్నీ ఈ చేపలే తినేశాయి. "బజార్లో దొరుకుతాయి కదండీ, కొనుక్కోకూడదా?" అంటే, "కొన్న ఎరతో చేప పడితే అది కొట్టువాడు పట్టినట్టు" అనేవారు. నాకు ఒక్కదాని పేరు తెలీదు. ఏది ఎందుకు చేశారో తెలీదు. ఇప్పుడు తెలుసుకోవాలని ఉంది.

ఇంకో సంగతి. నవ్వకండి. వార్నిషు ఆరడానికి ఆయన తీగ మీద వేలాడదీసినవి ఏడున్నాయి. గాలి వస్తే ఒకదానికొకటి తగిలి, కడుపులో ఉన్న గుళ్ళు గలగలమంటాయి. ఆయన బల్ల దగ్గర కూర్చుని పని చేసుకుంటున్నట్టే ఉంటుంది. నిన్న సాయంత్రం వంటింట్లోంచి "టీ పెట్టమంటారా?" అని అడిగేశాను. అడిగాక జవాబు కోసం ఆగాను కూడా.

ఆ సగం చేపను నేను పూర్తి చెయ్యాలి. ఎలాగో రాస్తారా? ఆ రోజు రిజర్వాయరు మీద జరిగినదాని గురించి మిమ్మల్నేమీ అడగడం లేదు. మీరు మలుపు అవతల రాళ్ళ దగ్గర ఉన్నారని, చూడలేదని పోలీసులకు చెప్పారు. నేను విన్నాను. అంతే.

మీ చెల్లెలు

*

కట్టుడు పళ్ళ ల్యాబు, వెనక గది
ఫిబ్రవరి 20

చెల్లెమ్మగారికి,

మీ ఉత్తరం అందింది. ఫోను ఎత్తనందుకు క్షమించండి. ఇక్కడ పని ఎక్కువ.

నేను చేపలు పట్టడం మానేశాను. మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను.

పెట్టెలో పై అరలో సన్నగా, పొడుగ్గా వెండి రంగువి ఉంటాయి. అవి తేటనీళ్ళకు. మధ్య అరలో పొట్ట ఉబ్బినవి, ఎరుపూ బంగారు రంగూ కలిసినవి బురదనీళ్ళకు. చేపకు కనపడకపోయినా వినపడాలని వాటి కడుపులో ఇనప గుళ్ళు వేస్తాం. అడుగు అరలో నోరు గుంటగా ఉన్నవి నీళ్ళ మీద 'గుబుక్ గుబుక్' మంటూ పోతాయి. వాటిని పొద్దున్నే, ఎండ రాకముందు వాడాలి. ఎండ ఎక్కితే చేప లోతుకు పోతుంది, అప్పుడు మూతిపలక పొడుగున్న ఎర కట్టాలి.

చెయ్యడం గురించి. ముందు వేరే చెక్క ముక్కల మీద చెయ్యి తిరగనివ్వండి. తేలికైన చెక్క కావాలి. చేప ఆకారం చెక్కి గరుకు కాగితంతో రుద్దండి. పొట్ట వెంబడి సన్నటి గాడి కోసి, స్టీలు తీగను అందులో పెట్టండి. ముక్కు దగ్గర, పొట్ట దగ్గర, తోక దగ్గర తీగ చుట్టలు బయటికి రావాలి. దారం కట్టేదీ, గాలపు ముళ్ళు తగిలించేదీ వాటికే. సీసం ముక్కను ముందే లోపల పెట్టెయ్యకండి. రబ్బరు బ్యాండుతో పైన కట్టి, నీళ్ళలో వేసి, చేప నిటారుగా నిలబడే చోటు ఎక్కడో చూసుకుని, అక్కడ తొలిచి పెట్టండి. గడ్డం కింద గాటు పెట్టి మూతిపలక బిగించండి. నీళ్ళను తోసేది ఆ పలకే, చేపకు నడక వచ్చేదీ దానివల్లే. పొలుసులు కావాలంటే దోమతెర గుడ్డ చుట్టి పైనుంచి రంగు కొట్టి, గుడ్డ తీసెయ్యండి.

ముళ్ళు మాత్రం చివర్న తగిలించండి. జాగ్రత్త.

ఆ రోజు గురించి రాయడానికి కొత్తేమీ లేదు.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి

*

వెనక వరండా
మార్చి 17

అన్నయ్యగారూ,

శ్రేయోభిలాషా! పెళ్ళిలో నన్ను "ఏమ్మా, నీకు వేరే వాడెవడూ దొరకలేదా?" అని ఏడిపించిన మనిషి శ్రేయోభిలాషి అయిపోయాడు. ఇదివరకు నేను మీకు 'నువ్వు'ని. ఉత్తరంలో 'మీరు' అయిపోయాను, పైగా 'గారు' ఒకటి. ఎందుకో?

సరే, నా చదువు సంగతి వినండి. మొదటి చేప తొట్టిలో వేయగానే వెల్లకిలా తిరిగి, చచ్చిన చేపలా తేలింది. రెండోది రాయిలా మునిగింది. మూడోదాన్ని లాగితే బొంగరంలా తిరిగింది. నా రెండు వేళ్ళు జిగురుకి అతుక్కుపోతే అలాగే నేను పనిచేసే మందుల షాపుకు వెళ్ళి, ఒక్క చేత్తో మందులిచ్చాను. ఓనరుగారు చూసి, "మీకే మందు కావాలి" అన్నారు. నాలుగోది ఈదింది. అన్నయ్యగారూ, అది ఈదింది! తోక ఆడించుకుంటూ, ఎవరో పిలిచినట్టు వచ్చింది. ఆయన తన సెలవులు ఎందుకిచ్చారో అప్పుడు కొంచెం తెలిసింది.

ఆ ధైర్యంతో ఆయన వదిలేసిన సగం చేపను పట్టకారులోంచి తీశాను. తోక వైపు నేను చెక్కాను. ఆయన ఉలి గాట్లు ఎక్కడ ఆగాయో, నావి ఎక్కడ మొదలయ్యాయో చూస్తే తెలిసిపోతుంది. తీగ పెట్టాను, సీసం పెట్టాను, పలక పెట్టాను. తొట్టిలో లాగాను. అది తిన్నగా రాలేదు. రెండు ఊపులు సరిగ్గా వేసి, మూడో ఊపుకు ఎడమ భుజం కిందికి వాల్చి, మళ్ళీ సర్దుకుంటూ వచ్చింది. బస్సు డ్యూటీ దిగి గేటు దగ్గర్నుంచి ఆయన నడిచొచ్చే తీరు మీకు గుర్తుందా? సంచీ ఎడమ భుజానికి తగిలించుకుని? నేను దారం వదిలేసి ఇంట్లోకి వచ్చేశాను. సాయంత్రం దాకా తొట్టి వైపు వెళ్ళలేదు.

మా మరిది ఆదివారం వచ్చాడు. వరండా మెట్టు మీద కూర్చుని మీ ఉత్తరం చూశాడు.

"వీడికెందుకు రాస్తున్నావు వదినా?"

"చేపలు చెయ్యడం నేర్పుతున్నారు."

"ఇద్దరు వెళ్ళారు. ఒక్కడొచ్చాడు. ఆ ఒక్కడు నెల తిరక్కుండా ఊరు ఖాళీ చేశాడు. అన్నయ్యకి ఈత వచ్చు వదినా. ఆ నీళ్ళు తనకి మోకాల్లోతు లెక్క. నేను కేసు మళ్ళీ తెరిపిస్తాను. అర్జీ రాసి పెట్టాను."

నేనేమీ అనలేదు. అనాల్సింది. కానీ అనలేదు.

ఒక్కటి చెప్పండి. పెట్టెలో ఆ ఖాళీ గడి దేనిది? ఆ రోజు ఆయన దారానికి ఏది కట్టారు?

మీ చెల్లెలు

*

పళ్ళ ల్యాబు
మార్చి 29

చెల్లెమ్మా,

నువ్వు గెలిచావు. 'నువ్వు' అనే రాస్తున్నాను.

నాలుగో చేపకే ఈదించావంటే నువ్వు మా ఇద్దరికంటే నయం. మీ ఆయన మొదటి పదకొండూ పొయ్యిలోకే పోయాయి. ఆ సంగతి నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడు ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను.

ఈ పొట్లంలో రెండు రకాలు పంపుతున్నాను. పారదర్శకంగా ఉన్నవి మూతిపలకలు. చిన్న పొట్లంలోవి కళ్ళు. కట్టుడు పళ్ళకు వాడే పౌడరుతోనే చేశాను. దాదాపు పది నెలల తర్వాత ఈ పని ముట్టుకున్నాను. కళ్ళు పెద్దవిగా ఉండాలి చెల్లెమ్మా. పెద్ద చేప చిన్నదాన్ని పట్టేటప్పుడు కంటిని చూసే కొడుతుందని మీ ఆయన సిద్ధాంతం. ఎడమకు వాలే చేప సంగతి: ముక్కు దగ్గరి తీగ చుట్టను వెంట్రుకవాసి కుడికి వంచు, సర్దుకుంటుంది. వంచాలనిపించకపోతే వదిలెయ్యి. చేపలకు కుంటిది అంటే ఇష్టం.

వాడు రిజర్వాయరు మీద ఎంత అల్లరి చేసేవాడో నీకు ఇంట్లో తెలిసేది కాదు. పడవలో లేచి నిలబడి, "ఒరే పళ్ళ మేస్త్రీ, తగిలిందిరా, మొసలంత ఉందిరా!" అని ఊగిపోయేవాడు. గాలం రాడ్డు వంచి, గిలగిల కొట్టుకుని, దబ్బున నీళ్ళలో పడేవాడు. నేను గుండె బాదుకుంటుంటే పడవ అవతలి పక్కన పట్టుకుని నక్కి ఉండి, నోట్లోంచి పిచికారీలా నీళ్ళు వదిలేవాడు. నలభై నాలుగేళ్ళ మనిషి! ఎన్నిసార్లు చేశాడో లెక్కలేదు. నేను ఎన్నిసార్లు మోసపోయానో కూడా లెక్కలేదు.

ఖాళీ గడి చెక్క కప్పది. ఆకుపచ్చ వీపు, పసుపు పొట్ట, కాళ్ళకు రబ్బరు దారాలు. కొర్రమీను కోసం ప్రత్యేకంగా చేశాడు. రెండు నెలలు పట్టింది. ఆ రోజు దాని నడక చూసి తీరాల్సింది. మొదటి రెండుసార్లు నీళ్ళ మీది ఆకుల అంచున పడింది. మూడోసారి విసిరితే సరిగ్గా ఆకు మీద వాలింది. ఒక్క క్షణం అక్కడే కూర్చుని, నిజం కప్ప లాగా మెల్లగా నీళ్ళలోకి జారింది. అంత అందమైన విసురు నేను మళ్ళీ చూడలేదు.

కళ్ళు జాగ్రత్తగా అతికించు. ముందు వార్నిషు, తర్వాత కళ్ళు, మళ్ళీ వార్నిషు.

పళ్ళ మేస్త్రి

*

డిపో క్వార్టర్స్
ఏప్రిల్ 4

అన్నయ్యగారూ,

కళ్ళు అందాయి.

మీరు మలుపు అవతల ఉన్నారు కదా. మూడోసారి విసిరింది ఎలా చూశారు?

*

పళ్ళ ల్యాబు
మే 2

చెల్లెమ్మా,

నీ మూడు వాక్యాల ఉత్తరం నెల రోజులుగా జేబులో ఉంది. నాలుగుసార్లు జవాబు రాసి చించేశాను. ఇది ఐదోది. ఇదైనా పోస్టు చెయ్యాలి.

నేను మలుపు అవతల లేను. ఇవతలే ఉన్నాను. ఒడ్డున బల్లపరుపు రాయి మీద కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నాను. వాడు పడవలో ఉన్నాడు. ఇద్దరికీ మధ్య ముప్పై అడుగులు ఉంటుందేమో. మొహం స్పష్టంగా కనపడుతోంది.

మూడోసారి విసిరి, కప్ప ఆకు మీంచి జారగానే నా వైపు చూసి కళ్ళెగరేశాడు. నేను బొటనవేలు ఎత్తి చూపించాను. తర్వాత లేచి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి కొట్టుకోవడం మొదలైంది. మూతి ఒక పక్కకు లాగింది. నా వైపే చూస్తున్నాడు. నేను "మొదలెట్టాడురా బాబూ" అనుకున్నాను. ఒళ్ళంతా ఊగింది. రాడ్డు నీళ్ళలో పడింది. ఎప్పుడూ రాడ్డు వదిలేవాడు కాదు. ఆ ముక్క నాకు తట్టాల్సింది. తట్టలేదు. దబ్బున పడ్డాడు.

నేను నవ్వాను.

గట్టిగా నవ్వాను చెల్లెమ్మా. పొట్ట పట్టుకుని నవ్వాను. అవతలి పక్కన నక్కి ఉంటాడని, ఇప్పుడు నీళ్ళు చిమ్ముతూ లేస్తాడని చూస్తూ, వాడి గ్లాసులో కూడా టీ పోశాను. "చాల్లేరా, టీ చల్లారిపోతోంది" అని అరిచాను. ఆ మాట నీళ్ళ మీంచి తిరిగి నాకే వినపడింది. పడవ తనంతట తాను మెల్లగా తిరుగుతోంది. అది తిరిగి అవతలి పక్క నాకు కనపడేసరికి అక్కడెవరూ లేరు.

అప్పుడు దూకాను. ఎన్నిసార్లు మునిగానో తెలీదు. అడుగున నాచు, బురద. చేతికి వాడి టోపీ ఒక్కటే దొరికింది.

పోలీసు అడిగాడు, "ఏం చూశారు?" అని. స్నేహితుడు మునిగిపోతుంటే టీ పోస్తూ నవ్వానని నోరు విప్పి ఎలా చెప్పను? "మలుపు అవతల ఉన్నాను" అన్నాను. ఆ మాట అన్నాక దానిలోంచి బయటికి రాలేకపోయాను. నీ మొహం చూడలేక ఊరు వదిలాను.

ఇక్కడ నా బల్ల ఎదురుగా గోడకు మూడు అరలున్నాయి. వాటి నిండా సున్నపు అచ్చుల్లో బిగించిన పళ్ళ సెట్లు. పై పళ్ళు, కింది పళ్ళు. పొద్దున్న లైటు వేయగానే అన్నీ నా వైపు చూసి నవ్వుతుంటాయి. వచ్చిన కొత్తలో వాటి మీద గుడ్డ కప్పేవాణ్ణి. ఇప్పుడు అలవాటైంది. నేను మాత్రం ఆ రోజు నుంచి నవ్వలేదు. ఎవరైనా జోకు వేస్తే లేచి బయటికి వెళ్ళిపోతాను. పొగరనుకుంటారు.

మీ మరిది అర్జీ పెట్టుకోనీ. అతను అనుకున్నదానికంటే నిజం ఏమీ బాగాలేదు.

*

డిపో క్వార్టర్స్, వంటింటి బల్ల దగ్గర
మే 9

అన్నయ్యా,

నాలుగు రోజులు మీ ఉత్తరం చదివాను. ఇప్పుడు నాది చదవండి.

మీ పక్కన నేను లేకపోయినా, ఆ ఒడ్డున మిమ్మల్ని కూర్చోబెట్టింది నేనే. ఆయన ఆడింది నాటకం కాదు. మీరు చూసింది మూర్ఛ.

ఆ ముందు రెండేళ్ళలో మూడుసార్లు వచ్చింది. మొదటిసారి మంచం మీద. తర్వాత రెండుసార్లూ వెనక వరండాలో, గరుకు కాగితం చేతిలో ఉండగా. ఎడమ చెయ్యే ముందు కొట్టుకునేది. మూతి పక్కకు లాగేది. మీరు రాసిన వరసే. చదువుతుంటే మీ కళ్ళతో కాదు, నా కళ్ళతోనే చూసినట్టుంది.

"డాక్టరు దగ్గరికి పదండి" అన్నాను. "చీటీ మీద ఆ పేరు రాస్తే స్టీరింగు వదిలెయ్యాలి. అది లేకపోతే నేనెవర్ని?" అన్నారు. నేను మందుల షాపులో పనిచేస్తాను కదా. ఏ మాత్రలివ్వాలో తెలుసు. చీటీ లేకుండా, ఓనరుకు తెలీకుండా తెచ్చాను. విటమిను సీసాలో పోసి పెట్టాను. చేపల పెట్టెలో అడుగున ఉండేది ఆ సీసా. మీకు మొదటి ఉత్తరం రాయడానికి ముందే దాన్ని తీసి దాచాను. దాదాపు నిండుగా ఉంది. మగతగా ఉంటోందని ఆయన మింగడం మానేశారని అప్పుడే తెలిసింది.

రోజూ పొద్దున మొదటి ట్రిప్పు. యాభై మంది ఎక్కేవారు. గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపి పంపేదాన్ని. బస్సు తిరిగొచ్చేదాకా కౌంటరు దగ్గర నా చేతులు మందులిచ్చేవి, చెవులు రోడ్డు మీద ఉండేవి. అయినా నోరు విప్పలేదు. ఆయన పరువు అనుకున్నాను. ఇప్పుడు దానికి ఏ పేరు పెట్టాలో తెలీదు.

ఒక్కసారి పోట్లాడాను. "నీళ్ళ మీదికి వెళ్తున్నారు, పళ్ళ మేస్త్రికైనా చెప్పండి" అని. ఏమన్నారో తెలుసా? "వాడికి చెబితే నన్ను చూసి నవ్వడం మానేస్తాడే. వాడొక్కడే నన్ను బాగున్నవాణ్ణి చూసినట్టు చూసేది" అన్నారు.

మరిది మిమ్మల్ని అన్నన్ని మాటలంటుంటే విన్నాను. ఆపితే ఎందుకు ఆపావని అడుగుతాడు. అందుకే ఆపలేదు.

మీ చెల్లెలు

*

పళ్ళ ల్యాబు
మే 16

మీకు,

మీరు చెప్పి ఉంటే వాడు లేచి నిలబడిన క్షణానే దూకేవాణ్ణి. ముప్పై అడుగులు. చిన్నప్పుడు పందెం వేసి అంతకు పదింతలు ఈదాను.

దాదాపు ఏడాది. ఊరు పోయింది, ఉద్యోగం పోయింది, ఉన్న ఒక్క స్నేహితుడూ పోయాడు. మీకు అన్నీ తెలుసు. తెలిసి, వాడు దారానికి కట్టిన ఎర ఏదని నన్ను అడిగారు. చెక్క చేపను ఎలా పూర్తి చెయ్యాలని అడిగారు. నేను కూర్చుని కళ్ళు చేసి పంపాను.

ఇక రాయకండి.

*

డిపో క్వార్టర్స్
జూన్ 28

అన్నయ్యా,

రాయొద్దన్నారు. రాస్తున్నాను. చదవకుండా పారేసినా సరే.

మీ కోపం న్యాయమైనదే. దాన్ని తగ్గించమని అడగను. ఏం చేశానో చెబుతాను.

మొదట మరిదికి చెప్పాను. గ్యారేజీ నుంచి నూనె చేతులతో వచ్చాడు. మీ ఉత్తరమూ, ఆ సీసా, రెండూ ముందు పెట్టాను. సీసా తీసి చేతిలో తిప్పి చూశాడు. "ఆ బస్సులో మా అత్తగారూ, నా పిల్లలూ వెళ్ళేవాళ్ళు వదినా" అన్నాడు. అంతే. లేచి వెళ్ళిపోయాడు. పదిహేను రోజులు రాలేదు. అర్జీ మాత్రం పెట్టలేదు.

తర్వాత ఓనరుగారికి చెప్పాను. ఆయన తిట్టలేదు, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, రేపట్నుంచి రావద్దన్నారు. తర్వాత జరిగిందంతా డిపో మేనేజరుకు కాగితం మీద రాసిచ్చాను. ఆయన ముందు నేను ఏడవలేదు. బయటికొచ్చి కొళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే క్వార్టర్సు ఆడవాళ్ళందరూ చూస్తూ నిలబడ్డారు. మర్నాటికి నాతో మాట్లాడేవాళ్ళు సగమయ్యారు.

పదహారో రోజున మరిది వచ్చి, "ఆ చేప అయిందా?" అని అడిగాడు. అయింది. మీరు పంపిన కళ్ళే పెట్టాను. ముక్కు చుట్ట వంచలేదు, ఎడమకు వాలనిచ్చాను. ఇద్దరం ఆదివారం పొద్దున రిజర్వాయరుకు వెళ్ళాం. అతను తెడ్డు వేశాడు. నాకు విసరడం రాదు, ఒకసారి ముల్లు నా కొంగుకే తగులుకుంది. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఎవరో కింద నుంచి మమ్మల్ని చూస్తున్నట్టే ఉంది, మరిదికీ అలాగే ఉన్నట్టుంది, వెనక్కి వెనక్కి చూస్తున్నాడు. కాసేపటికి దారం ఒక్కసారి బిగుసుకుంది. రీలు గిర్రున తిరిగింది. నేను పట్టుకున్నాను, అతను నన్ను పట్టుకున్నాడు. ఫట్‌మని తెగింది. చేప పోయింది. ఆయన సగమూ నా సగమూ ఉన్న చెక్క చేప కూడా దాంతోనే పోయింది. మరిది తెడ్డు ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నేనూ దూకేవాణ్ణి కాదు వదినా. అన్నయ్య నన్నూ అలాగే ఎన్నిసార్లు బుట్టలో వేశాడో!" అన్నాడు. ఈ మాట మీకు చేర్చాలనిపించింది.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. రెండిళ్ళ అవతల ఉంటుంది. వాళ్ళాయన మీ స్నేహితుడి తర్వాత మొదటి ట్రిప్పుకు వచ్చిన డ్రైవరు. తలుపు మూసి, గొంతు తగ్గించి, "అక్కా, మా ఆయనకీ వస్తోంది. నువ్వు తెచ్చిన మాత్రలు... పేరు చెబుతావా? షాపులో అడగాలంటే భయంగా ఉంది" అంది. అదే బస్సు, అన్నయ్యా. అదే సీటు.

పేరు చెప్పలేదు. నేను పడ్డదంతా చెప్పాను. ఏడ్చింది గానీ, "ఆయన వినడక్కా" అంది. నేను వెళ్ళి అతనితోనూ మాట్లాడాను. "మీరు ఇంట్లో కూర్చున్నారు. మీకేం తెలుసు?" అన్నాడు. నిజమే. నా దగ్గర ఉన్నది సగమే. ఒడ్డు మీద కూర్చున్నవాడు ఏం చూశాడో నేను చెప్పలేను.

మీరు రావాలి. నా కోసం కాదు. నన్ను చూడడం ఇష్టం లేకపోతే మొహం తిప్పుకునే మాట్లాడండి.

*

పళ్ళ ల్యాబు
జూలై 3

చెల్లెమ్మా,

శనివారం మధ్యాహ్నానికి వస్తాను. కోపం పోలేదు. అది ఉండగానే వస్తాను.

అతన్ని ఇంట్లో ఉండమను.

*

డిపో క్వార్టర్స్
జూలై 8

అన్నయ్యా,

ఆదివారం మీరు బస్సెక్కేటప్పుడు, "అనవసరంగా వచ్చాను, వాడు రాయిలా కూర్చున్నాడు" అన్నారు. మీరు వెళ్ళాక జరిగింది రాయకపోతే మీకు తెలియదు.

మీరు ఆ డ్రైవరు ముందు స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పడం నేను తలుపు పక్క నుంచి విన్నాను. ఉత్తరంలో చదవడం వేరు. చెక్క కప్ప ఆకు మీద కూర్చున్నది చెప్పేటప్పుడు మీ చెయ్యి గాల్లో దాన్ని జార్చింది. అతను ఒక్క ప్రశ్నే అడిగాడు. "ఎంతసేపు నవ్వారు?" అని. మీరు కొంచెం ఆలోచించి, "రెండు గ్లాసుల్లో టీ పోసి, ఒకటి కింద పెట్టేంతసేపు" అన్నారు. అతను మొహం కిందికి దించుకున్నాడు. మీరు లేచొచ్చేశారు.

ఆదివారం సాయంత్రం వాళ్ళింట్లో అరుపులు వినపడ్డాయి. తర్వాత ఏమీ వినపడలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

సోమవారం పొద్దున నేను గేటు దగ్గరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలీదు, కాళ్ళు తీసుకెళ్ళాయి. బస్సు నిలబడి ఉంది, జనం ఎక్కి కూర్చున్నారు. అతను యూనిఫారంలో వచ్చాడు. నన్ను చూసి, చూడనట్టే వెళ్ళాడు. మెట్టెక్కి సీట్లో కూర్చుని రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టాడు. ఇంజను స్టార్టు చెయ్యలేదు. అలాగే కూర్చున్నాడు. వెనక నుంచి ఎవరో, "ఏంటి బాబూ, నిద్రా?" అన్నారు. అతను దిగాడు. బస్సు తాళంచెవి చేతిలో పట్టుకుని, గ్యారేజీ పక్క నుంచి మేనేజరు గదికి నడిచాడు.

వేరే డ్రైవరు దొరికేదాకా బస్సు ఆపేశారు. లోపల ఒకటే గోల. ఆఫీసుకు ఆలస్యమవుతోందని ఒకరు, ఈ డిపో ఎప్పుడూ ఇంతే అని ఒకరు. ఒకావిడ కిటికీలోంచి నన్ను పిలిచి, "ఏమ్మా, ఇక్కడి దానివే కదా, ఎందుకు కదలట్లేదో తెలుసా?" అని అడిగింది.

తెలీదన్నాను.

మొదటి బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది. అది మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా నేను అక్కడే నిలబడి చూశాను.

మీ చెల్లెలు